ఇద్దరే కూర్చునే కారు

మెకానిక్ ఖాజా షెడ్డులో ఎర్ర కారు ముందు నిలబడగానే నా చేతులు వాటంతట అవే వెనక్కి వెళ్ళి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. కుడి మణికట్టుకు కట్టు ఉంది, కలుక్కుమంది. అప్పుడు తెలిసింది, నేను మా బాపులాగా నిలబడ్డానని. గుద్దుకున్న బండి దగ్గరికి వెళ్తే బాపు మొదట దేన్నీ ముట్టుకునేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిరిగి, ఆ తరవాతే జేబులోంచి సుద్దముక్క తీసేవాడు. యాక్సిడెంటైన లారీలు, బస్సులు, కార్లు చూసి, ఏది ఎంత దెబ్బతిన్నదో ఇన్సూరెన్సు కంపెనీకి రాసిచ్చే సర్వేయరు ఆయన. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నా ముందున్న బండి ఆయన కొడుకుది, అంటే నా తమ్ముడు వేణుది. రెండు రోజుల కిందట బొల్లారం రోడ్డు మీద అది అదుపు తప్పి కల్వర్టు గోడను గుద్దినప్పుడు నడుపుతున్నది వాడు, పక్కన కూర్చున్నది నేను.

షెడ్డు వాసన మారలేదు. థిన్నరు, పుట్టీ, కోసిన ఇనుము, కాలిన రబ్బరు, వీటన్నిటి మధ్య స్టవ్వు మీద మరుగుతున్న టీ. ఇదే వాసన మా బాపు చొక్కాకు ఉండేది. మేము పెరిగింది మెట్టుగూడలో, రైల్వే క్వార్టర్ల వెనక సందులో, రెండు గదుల అద్దె ఇంట్లో. ఇంజన్ల బొగ్గు నుసి ఆరేసిన బట్టల మీద పడుతుందని అమ్మ పొద్దున బండ్లు పోయే వేళ చూసుకుని దండెం మీద బట్టలు వేసేది. ఆమె దినమంతా రైళ్ళ వేళలను బట్టే నడిచేది. ఒక రైలుకు బియ్యం కడిగేది, ఇంకో రైలుకు మమ్మల్ని లేపేది. ఇంట్లో గడియారం ఉంది కానీ దాన్ని ఎవరూ నమ్మేవారు కాదు. ఒక్క బాపు వచ్చే వేళే ఏ రైలుకూ అందేది కాదు. ఎక్కడో ఏ లారీయో బోల్తాపడితే స్కూటరేసుకుని పోయేవాడు, ఎప్పుడో వచ్చేవాడు. వాకిట్లో నల్లా దగ్గర అమ్మ ఎప్పుడూ ఒక బకెట్టు నిండా నీళ్ళు, ఉతికిన లుంగీ సిద్ధంగా ఉంచేది. ఆ చొక్కాతో ఆయన గడప దాటకూడదు.

ఆ నల్లా చప్పుడే మాకు వార్త. బాపు కాళ్ళు మాత్రం కడుక్కుంటే ఆ యాక్సిడెంటులో బండి ఒక్కటే పోయిందని అర్థం. తల మీద నీళ్ళు పోసుకుంటే మనిషి పోయాడని అర్థం. ఎవరూ మాకు చెప్పలేదు, మేమే నేర్చుకున్నాం. లోపల పుస్తకాల ముందు కూర్చుని నేనూ వేణూ చెవులు రిక్కించుకుని వినేవాళ్ళం. చెంబు చప్పుడు మొదలై ఆగకుండా సాగితే అమ్మ వంటింట్లోంచి, "సప్పుడు జేయకుండ్రి. బాపు నెత్తి మీద నీళ్ళు పోసుకుంటున్నడు," అనేది. ఆ పూట పప్పులో పోపు ఉండేది కాదు. నూనె మాడిన వాసన ఆయనకు పడేది కాదు అట్లాంటి రోజుల్లో. జొన్నరొట్టె, పోపు లేని పప్పు, పచ్చి ఉల్లిగడ్డ. ఆయన తిన్నాడా లేదా అని అమ్మ అడిగేది కాదు, కంచం చూసి తెలుసుకునేది. కాళ్ళు కడుక్కున్న రోజైతే మా ఇల్లు పెళ్ళిల్లే. సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటూ తాగుతూ, లారీలో బత్తాయిలు ఎట్లా రోడ్డంతా దొర్లాయో, ఊళ్ళో ఆడవాళ్ళు కొంగుల్లో ఎట్లా ఏరుకుపోయారో చెప్పేవాడు. షెడ్లలో ఎవరైనా టీ ఇస్తే మాత్రం తాగేవాడు కాదు. బండి తాలూకు పార్టీ ఇచ్చిన టీ తాగితే కలం వాళ్ళ వైపు వంగుతుందని ఆయన భయం. ఇంటి నుంచే సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళేవాడు.

అట్లాంటి మనిషికి కొడుకై పుట్టి మా వేణు కార్ల పిచ్చివాడయ్యాడు. దానికీ బాపే కారణం. ఒక ఆదివారం అమ్మకు జ్వరమొస్తే, అల్లరి చేస్తాడని వాణ్ణి వెంట తీసుకుని షెడ్డుకు వెళ్ళాడు. అక్కడ బొల్లారం వైపు ఉండే రిటైరైన మేజరుగారి కారు ఉంది. ఎర్రది, టాపు లేనిది, ఇద్దరే కూర్చునేది. ముందు భాగం నుజ్జయింది. మేజరుగారికి కాలు విరిగిందట, ప్రాణం మీదికి రాలేదు. బాపు సుద్దముక్కతో గుర్తులు పెడుతున్నంతసేపూ వేణు డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకుని ఉన్నాడు. బాపు దించలేదు. ఎందుకు దించలేదో నాకు ఇప్పటికీ తెలియదు, ఆయన మాకు పక్కింటివాళ్ళ సైకిలు కూడా ముట్టనిచ్చేవాడు కాదు. సాయంత్రం వాడి నిక్కరులోంచి అద్దం పలుకులు రాలాయి. జ్వరంతోనే అమ్మ వాణ్ణి వాకిట్లో నిలబెట్టి దులిపింది. "ఇసొంటి బండి మనకొద్దు బిడ్డా," అన్నాడు బాపు, కాళ్ళు కడుక్కుంటూ. వేణు తల ఊపాడు. తల ఊపినవాడు మళ్ళీ ఆ కారు మాట ఎత్తకపోతే వదిలేశాడనుకున్నాం.

బాపు ఉన్నన్నాళ్ళూ వాడు మళ్ళీ స్టీరింగు పట్టలేదు. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చాక కూడా ఏ.ఎస్. రావు నగర్ దాకా కంపెనీ బస్సులోనే. బాపు పోయిన తరవాత డ్రైవింగు నేర్చుకుని, ఒక చిన్న కారు కొని, చాలా మర్యాదగా నడిపాడు. వాడి బండిలో కూర్చుంటే నాకు నిద్రొచ్చేది. అలాంటివాడు ఈ వానాకాలం ముందు ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, కిందికి రా," అన్నాడు. మా అపార్ట్‌మెంటు గేటు ముందు ఎర్ర కారు. టాపు లేదు. వెనక సీటు లేదు. నేల నుంచి జానెడెత్తు. అందులో మా వేణు, బట్టతల మీద టోపీ. నాకు మొదట నవ్వొచ్చింది, తరవాత కోపమొచ్చింది. సెకండ్ హ్యాండులో దొరికిందట, మంచి కండిషనట. మరదలు సరళ అప్పటికే వాడితో మాట్లాడటం మానేసి నాతో మొదలుపెట్టింది. "ఇద్దరే కూసునేటి కారు ఏం కారు వదినె? కూరగాయల సంచి ఏడ పెట్టాలె, నెత్తి మీదనా?" అంది. "పిచ్చి గిట్ల లేసిందా మీ తమ్మునికి?" అని కూడా అంది. కానీ కొన్నాక కొన్నదే కదా, పూజ చేయించకుండా ఇక రోడ్డెక్కించకూడదని పట్టుబట్టింది కూడా ఆమే. కొబ్బరికాయ ఆమే ఎంచింది, చెవి దగ్గర పెట్టుకుని ఊపి మరీ.

పూజ బాగా జరిగింది. పూజారి బానెట్టు మీద పసుపూ కుంకుమా పెట్టాడు, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు, వేణు తొక్కించాడు. కాయ కొట్టి రెండు చిప్పలూ, అరటిపళ్ళూ, పూలూ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి ఇచ్చాడు. ఇద్దరికే చోటు కాబట్టి సరళ ఆటోలో ఇంటికి పోయింది. "వంట జూడాలె, మీరు తిరిగిరండ్రి," అంది. ముఖం అప్పటికి కొంచెం విచ్చుకుంది. నేను కారులోకి దిగాను. దిగాననే చెప్పాలి, ఎక్కడం కాదు అది, బావిలోకి దిగినట్టే. కవరు కాళ్ళ దగ్గర పెట్టబోతే వేణు ఒప్పుకోలేదు. "కాయ నీళ్ళు కారుతయ్ అక్కా, మ్యాట్ ఖరాబైతది. ఒడిల పెట్టుకో," అన్నాడు. కొత్త పెళ్ళికూతురు చీరకు కూడా అంత జాగ్రత్త ఉండదు. సరేనని ఒడిలో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. "జెర బొల్లారం దాక పోయొద్దాం. రోడ్డు సాఫ్ ఉంటది," అన్నాడు.

రోడ్డు సాఫుగానే ఉంది. కంటోన్మెంటు చెట్ల కింద నీడ పరుచుకుని ఉంది. గాలికి నా కొప్పు ఊడిపోయింది. పక్కకు చూస్తే వాడి ముఖంలో నిక్కరు వేసుకున్న వేణు కనిపించాడు, నేను అబద్ధం చెప్పడం లేదు. అంతసేపూ నేను కోపంగా ఉండాలనుకుని ఉండలేకపోయాను. మలుపు తిరగగానే ముందు ఒక ట్రాలీ ఆటో, ఇనుప మంచాలు వేసుకుని నెమ్మదిగా పోతోంది. దాని బ్రేకు లైటు వెలిగింది. వేణు కూడా చూశాడు. "ఆగుతున్న," అన్నాడు, నాకు కాదు, తనకే చెప్పుకున్నట్టు. కారు ఆగలేదు. ఆగకపోగా కింద ఇంజను గొంతు పెంచింది. వాడు స్టీరింగు ఎడమకు కోశాడు. ఆటో అంచు వాడి భుజం పక్క నుంచే పోయింది. ఎదురుగా రోడ్డు వారన బొగ్గుల కుంపటి, మక్కకంకుల బుట్ట, దాని వెనక ఖాళీ పీట. పీట మీది ఆమె అప్పుడే చెంబు పట్టుకుని అవతల పంపు దగ్గరికి పోయింది, అది నేను తరవాత తెలుసుకున్నాను. ఆ క్షణంలో నాకు తెలియదు. ఆ పీట మీద మనిషి ఉందో లేదో చూసే తీరిక లేదు. నేను చేయగలిగింది ఏమీ లేదు. నా వైపు బ్రేకు లేదు, స్టీరింగు లేదు, ఒడిలో కవరు ఉంది, దాన్నే గట్టిగా పట్టుకున్నాను. కుంపటి ఎగిరింది. తరవాత గోడ.

పటాకుల వాసన వచ్చింది. ముఖం ముందు తెల్లటి సంచి ఉబ్బి మెల్లగా చప్పబడిపోతోంది. చెవుల్లో హోరు. నా కవరు చిరిగి పూలు నా తల మీదా, వాడి ఒళ్ళోనూ ఉన్నాయి. వేణు కనుబొమ్మ మీద నుంచి నెత్తురు కారుతోంది, వాడు తుడుచుకోవడం లేదు. "ఆమె ఏది?" అన్నాడు. "ఆ కంకులామె ఏది అక్కా?" పరుగెత్తుకుంటూ ఆమె చెంబుతో వచ్చింది, తిట్టుకుంటూ. ఎవరి తిట్లూ మాకు ఎప్పుడూ అంత చక్కగా వినిపించలేదు. ఆమె గొంతు విని వేణు స్టీరింగు మీద తల పెట్టేశాడు. జనం చేరారు, ఎవరో నీళ్ళు ఇచ్చారు, ఎవరో వీడియో తీశారు. ఎవరో ఒకాయన నా వైపు తలుపు లాగి, రాకపోతే, పైనుంచే నన్ను చంటిపిల్లలా ఎత్తి బయట పెట్టాడు. టాపు లేని కారుకు అదొక సదుపాయం.

ఇదీ జరిగింది. ఇంక షెడ్డుకు వస్తాను. ఇన్సూరెన్సు తరఫున వచ్చిన సర్వేయరు కుర్రాడు, మంచివాడు. "మేడమ్, ఒక్క నిమిషం సైడ్‌కి వస్తారా, ఫోటో తీసుకుంటా," అని మర్యాదగా అడిగాడు. సుద్దముక్క లేదు. ఫోను పట్టుకుని చకచకా ముందూ వెనకా పక్కలూ తీసి, ఒక్కోదాన్నీ అక్కడికక్కడే పంపించేశాడు. ఖాజా ఇచ్చిన టీ రెండుసార్లు తాగాడు. మా బాపు చూస్తే ఆ పూట భోజనం చేసేవాడు కాదు. నాకు కోపమేమీ రాలేదు, కుర్రాడి కలం ఎటూ వంగేది కాదు, కలమే లేదు. ఖాజా బండి కింద పడుకుని లేచి, చేతులు తుడుచుకుంటూ నాకు లెక్క చెప్పాడు. బానెట్టు, రేడియేటరు, లైట్లు, ఎడమ చక్రం ఇరుసు. "చాసిస్ సుత జెర తిరిగింది అమ్మా. ఏం పరేషాన్ గాకుండ్రి. బండిదేముంది, పార్టులు దొరుకుతయ్, జేస్త. మీరిద్దరు సలామత్ ఉన్నరు, గది చాలు," అన్నాడు.

ఇంతలో సర్వేయరు డ్రైవరు సీటు కిందికి వంగి చూసి నవ్వాడు. "సార్, యాక్సిడెంట్ కాజ్ దొరికింది," అని నా పక్కన నిలబడ్డ వేణుతో అంటూ బ్రేకు పెడలు కిందికి చెయ్యి పెట్టి కొబ్బరి చిప్ప తీశాడు. పసుపు ఇంకా ఉంది దాని మీద. షెడ్డులో అందరూ చేరారు. పూజ చేసిన కాయ బ్రేకు కింద ఇరుక్కోవడం ఇది మొదటిసారి కాదట. ఖాజా ఇంతకు ముందు ఒక నిమ్మకాయను చూశాడట, ఒక వ్యానులో ఏకంగా మొత్తం గుమ్మడికాయను చూశాడట. అందరికీ ఊపిరి తీసుకున్నట్టయింది. మనిషి తప్పు కాదు, బండి తప్పు కాదు, కాయ తప్పు. వేణు అందరికన్నా గట్టిగా నవ్వాడు. సర్వేయరు, "మీరు బ్రేక్ కొట్టారు కదా సార్?" అని మామూలుగా అడిగాడు. "కొట్టకుంట ఉంటనా? సూపిస్త సూడు," అంటూ వేణు వంగి, మూలుగుతూ, ఆ నుజ్జయిన బండిలో డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

మా బాపు కూడా ఇదే చేయించేవాడు. ఏం జరిగిందో డ్రైవర్లు చెప్పబోతే చెప్పనిచ్చేవాడు కాదు, సీట్లో కూర్చుని చేసి చూపించమనేవాడు. వాళ్ళు చేతులు ఊపుతూ, ఎదుటి లారీవాణ్ణి తిడుతూ కథ చెబుతుంటే అందరూ ముఖం వైపు చూసేవారు. బాపు కాళ్ళ వైపు చూసేవాడు. సెలవుల్లో ఆయన వెంట వెళ్ళినప్పుడు నేనూ అటే చూసేదాన్ని, ఆటలాగా. నిద్రపోయినవాడి కాలు, తాగినవాడి కాలు, నిజంగా తొక్కినవాడి కాలు వేరేగా ఉంటాయని ఆయన అమ్మతో అనడం విన్నాను. ఇప్పుడు సర్వేయరు ఫోను చూసుకుంటున్నాడు, ఖాజా గుమ్మడికాయ కథ చెబుతున్నాడు, నేను ఒక్కదాన్నే కిందికి చూశాను. "ముందల ఆటో ఆగింది. ఇట్ల బ్రేక్ మీద కాలేసిన, ఇట్ల నొక్కిన," అంటున్నాడు వేణు. భుజం ముందుకు వంగింది. మోకాలు కొంచెం లేచింది. కుడి పాదం లేవలేదు. యాక్సిలేటరు మీద ఎక్కడ ఉందో అక్కడే ఉంది, వేళ్ళు కిందికి వాలి ఉన్నాయి. వాడు మాత్రం బ్రేకు నొక్కేశాననే అనుకుంటున్నాడు. ముఖం చూస్తే తెలుస్తోంది, అబద్ధం లేదు అందులో.

గుద్దుకున్న రోజు కాయ నా ఒడిలో ఉంది. గోడ తగిలేదాకా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను, నా మణికట్టు బెణికింది అందుకే. కవరు చిరిగింది గుద్దుకున్నాక. చిప్ప వాడి కాళ్ళ దగ్గరికి చేరింది ఆ తరవాత. ఈ మాట నేను చెప్పలేదు. సర్వేయరుకు చెప్పడానికి కాదు నాకు భయం. ఆ మాట ఒకసారి బయటికి వస్తే, కాయను తీసేస్తే, మిగిలేది నా తమ్ముడి కాలు. దాన్ని ఏ ఖాజా దగ్గరికి తీసుకుపోవాలి? మా బాపు తల మీద నీళ్ళు పోసుకుని లోపలికి వచ్చినప్పుడు ఆయన ముఖంలో ఉండేది ఏమిటో నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. దుఃఖమనుకునేదాన్ని. జరిగిపోయినదాన్ని చూసి రావడం తప్ప ఏమీ చేయలేని మనిషి ముఖం అది. ఆ రోజు షెడ్డులో అద్దం ఉంటే అదే నాకు కనిపించేది.

చెప్పకుండా ఉండిపోయేదాన్నేమో. కానీ సరళ ఉండనివ్వలేదు. ఆ కాయ కొన్నది తనే కదా. కొబ్బరి చిప్ప ఫోటో చుట్టాలందరికీ చేరింది, ఫోన్ చేసినవాళ్ళంతా నవ్వారు, ఆమె నవ్వలేదు. ఆ వారం వాళ్ళింటికి వెళ్ళేసరికి దేవుడి అర ముందు దీపం ఒక్కటే ఉంది. "కాయ కొడ్తలేను వదినె. ఇంక నా చేత్తోని కాయ ముట్ట. ఆ కంకులామె పీట మీద ఉండుంటె నా పాపానికే పోయేది," అంది, వంటింటి గట్టు తుడిచిందే తుడుస్తూ. వేణు ముందు గదిలో పేపరు చదువుతున్నాడు, విన్నాడు. పేజీ తిప్పలేదు. నేను వెళ్ళి వాడి ఎదురుగా కూర్చున్నాను.

"కాయ నా ఒడిల ఉండె రా," అన్నాను, మెల్లగా.

వాడు పేపరు మడిచాడు. చాలాసేపు మడిచాడు. "ఎరుకనే అక్కా," అన్నాడు. "పొద్దున వాకింగ్ పోతుంటె కుడి చెప్పు జారిపోతది. జారిందని సుత తెల్వదు. జెర దూరం పోయినంక నేల సల్లగ తగిలితె తెలుస్తది. చెప్పులు మంచిగ లేవని మెట్టుగూడల తిరిగి కొత్తవి కొన్న. అవి సుత జారినయ్."

"ఎన్ని రోజుల సంది?"

"కారు కొనకముందు సంది." తల ఎత్తలేదు. "కాలు పోతున్నదని తెలిసినంకనే కొన్న. ఇంకెప్పుడు కొంట?"

నాకు వాణ్ణి కొట్టాలనిపించింది. "ఆమె లేసి నీళ్ళకు పోకుంటె ఏమయ్యేది?" అన్నాను. వాడు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. బట్టతల, దాని మీద కుట్లు, తెల్లబడ్డ మెడ వెంట్రుకలు. కొట్టడానికి ఎక్కడా చోటు లేదు. కాసేపటికి లేచి వంటింట్లోకి వెళ్ళి సరళకు తనే చెప్పాడు. నేను ముందు గదిలోనే ఉండిపోయాను. మాటలు వినిపించలేదు. ఆమె గుడ్డ పట్టుకుని బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. "కాయ తప్పే అయితె మంచిగుండె వదినె," అంది.

డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన వేణును వరండాలో నడిపించాడు, మడమతో నేల మీద టకటకా కొట్టమన్నాడు, కళ్ళు మూసుకుని నిలబడమన్నాడు. ఎడమ కాలు చెప్పినట్టు విన్నది. కుడి కాలు ఎవరినో పిలుస్తుంటే వినిపించనట్టు ఊరుకుంది. ఆయన నరాల జబ్బు ఒకటి చెప్పాడు. పేరు రాయను, రాస్తే అది ఈ పేజీలో కూడా చేరుతుంది. తగ్గించే మందు లేదట, నెమ్మదిగా ముదిరేట్టు చూసుకోవచ్చట. మా చిన్నప్పుడు నల్లా చప్పుడుతో అంతా తేలిపోయేది. బండి పోయిందో మనిషి పోయాడో ఆ సాయంత్రానికే తెలిసేది, మరునాడు పప్పులో పోపు పడేది. ఇప్పుడు అన్నిటికీ ఫోటోలున్నాయి, రిపోర్టులున్నాయి, తేలడమే లేదు. ప్రతి వారం కొంచెం కొంచెంగా తెలుస్తూ ఉంటుంది. ఇది నాకు చేతకాదు.

కారు బాగైంది. ఖాజా మాట నిలబెట్టుకున్నాడు, గీత కూడా కనిపించదు. వేణు దాన్ని తనింటికి తెప్పించుకోలేదు. మా అపార్ట్‌మెంటు సెల్లారులో పెట్టించి, గుడ్డ కప్పి, పైకి వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "నీ దగ్గర పెట్టుకో అక్కా. నేను అడిగిన సుత ఇయ్యకు," అన్నాడు. సరేనన్నాను. అమ్మమని సరళ అంటే ఇద్దరమూ విననట్టు ఊరుకున్నాం. అప్పటినుంచి ప్రతి ఆదివారం వస్తాడు. టీ తాగుతాడు. లేచేముందు అడుగుతాడు. బ్యాటరీ పోతది, ఒక్కసారి స్టార్ట్ చేసి బంద్ చేస్త అంటాడు. నడపను, ఊరికే కూర్చుంట అంటాడు. ఒకసారి కోపంగా, నా బండి నాకియ్యనీకి నువ్వెవ్వతివి అన్నాడు. ఇంకోసారి నా బీరువా వైపు దొంగలా చూసి తనే నవ్వాడు. నేను ఇవ్వలేదు. ఇవ్వననడం నాకూ అలవాటైపోయింది, ఆదివారం పొద్దున లేస్తూనే ఏం చెప్పాలో అనుకుంటాను. వీడి గోల పడలేకుండా ఉన్నానని సరళకు ఫోన్లో చెప్పాను కూడా.

మొన్న ఆదివారం వచ్చాడు. సరళ చెయ్యి పట్టుకుని వచ్చాడు, మెట్లు ఎక్కలేక లిఫ్టులో. టీ తాగాడు. మామిడికాయ తొక్కు ఈసారి కారం తక్కువైందన్నాడు. మెట్టుగూడలో మన పాత ఇల్లు పడగొట్టారట, అపార్ట్‌మెంటు లేస్తోందట, ఎవరో చెప్పారట. సరళ లేచింది, వాడూ లేచాడు. నేను తాళంచెవి ఇవ్వనని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాలు పెట్టడానికి సరళ వంగి సాయం చేసింది. "ఏమన్న మర్చిపోయినవా రా?" అన్నాను.

"లేదక్కా," అన్నాడు, "పోయొస్త." లిఫ్టు తలుపు మూసుకుంది.